బర్రెనమ్మిన లాభం

నా చిన్నప్పుడు పెద్దముడియం దగ్గర మా పల్లెలో రెండు పార్టీలుండేవి. ఎవరింటి పెళ్ళికి పోయారో, ఎవరి కొట్లో చక్కెర కొన్నారో చూసి, వీళ్ళు ఫలానా పార్టీ అని తేల్చేసేవాళ్ళు. మా నాయన ఏ పక్కా చేరకుండా, ఇద్దరికీ నమస్కారం పెడుతూ, ఉన్న కాస్త నల్లరేగడిలో శనగ పండించుకుని బతికేవాడు.

ఓ ఏడాది ఒక పార్టీ పెద్దాయన, ప్రొద్దుటూరు దగ్గరి నూలు మిల్లు కంపెనీలో ఊరంతా షేర్లు కొనాలని కబురంపాడు. మిల్లు ఆయనది కాదు. దాన్ని నడిపే షావుకారు ఆయన పలుకుబడి కోసం ఆయన్ను డైరెక్టరుగా పెట్టుకున్నాడు. షేర్లు కొంటే మేము చేను అమ్ముకోవాలి. కొనకపోతే అవతలి పార్టీ అని ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడినవాళ్ళ గడ్డివాములు ఎలా తగలబడ్డాయో చూసే ఉన్నాం. నాయన చేను బేరానికి పెట్టాడు. మా యమ్మ మాట్లాడటం మానేసింది.

మా పక్కింటి టీచరమ్మ జమ్మలమడుగులో కామర్సు పాఠాలు చెప్పేది. పెద్దాయన కూతురు కూడా ఆమె దగ్గరే చదువుకుంది. మా సంగతి తెలిసి టీచరమ్మ, కంపెనీ వాళ్ళు అచ్చువేసి పంచిన వార్షిక నివేదికను అడిగి తెప్పించుకుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూనే మా వసారాలో కూర్చుని చదివింది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో లాభం వేశారు. ఆమె అక్కడ ఆగలేదు. నూలు అమ్మకాలు ఏటికేడు తగ్గుతున్నాయి, బ్యాంకు అప్పు పెరుగుతోంది. మరి లాభం ఎలా వచ్చింది? మిల్లు స్థలంలో కొంత అమ్మేసి, ఆ సొమ్మును లాభంలో కలిపారు.

“దాచిందేం లేదన్నా. అంతా ఈడనే అచ్చేసినారు. ఎవురూ సదవలేదు” అంది నాయనతో.

“నాకు తెలిస్తే ఏమొస్తాది టీచరమ్మా? ఆ పెద్దాయనకు ఎవురు సెప్తారు?”

“నేను సెప్తా. పాపను నాతో పంపు. ఆడోళ్ళం, పిల్లోళ్ళం పోతే ఎవురూ ఏమీ అనరు.”

పెద్దాయన ఇంటి అరుగు మీద మనుషులు వేటకొడవళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను టీచరమ్మ వెనక నక్కి నడిచాను. టీచరమ్మ కంపెనీ మాటే ఎత్తకుండా, పెద్దాయన ఎదుట నావైపు తిరిగింది.

“పాపా, మీకు రెండు బర్రెలుండాయి. పాలు తగ్గినాయి. మీ నాయన ఒక బర్రెను అమ్మి, ఈ ఏడు పాలల్లో శానా లాభమొచ్చిందంటే ఏమంటావు?”

ఇలా అడుగుతుందని నాకు ముందు చెప్పలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

“లాభం యాడిది? బర్రె పోయింది గదా! వచ్చే ఏడు ఇంగొకదాన్ని అమ్ముతాడా?” అన్నాను.

పెద్దాయన పకపకా నవ్వాడు. అప్పుడు టీచరమ్మ నివేదిక తెరిచి, స్థలం అమ్మకం ఉన్న పేజీ ఆయన ముందు పెట్టింది. నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ పేజీని దగ్గరికి లాక్కుని చదివాడు.

“మా ఇంటామె పేరు మీద నేనూ కొందామనుకుంటి” అన్నాడు చివరికి. “నా పేరు సెప్పి మా ఊరోళ్ళను ముంచుతాండాడా ఆ షావుకారు?”

“కోపమొద్దన్నా. ఆ డైరెక్టరు పని వదిలెయ్యి, చాలు.”

ఆయన అరుగు మీదివాళ్ళ వైపు తిరిగి, “ఎవురూ కొనొద్దని ఊర్లో సెప్పండి” అన్నాడు.

ఆ మాట మాకంటే ముందే మా ఇంటికి చేరింది. మేము వెళ్ళేసరికి నాయన గడపలో కూర్చుని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అమ్మ నాయనను కసురుతోంది. అన్ని రోజుల తర్వాత ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. ఆ మరుసటేడు మిల్లు మూతపడింది. మా ఊళ్ళో ఎవరి చేనూ పోలేదు.

పెద్దయ్యాక నేనూ షేర్లు కొన్నాను. కంపెనీ లాభం ఎంతని అడిగేముందు అది అమ్మకాల వల్ల వచ్చిందా, అప్పెంత, చేతికి నగదు వస్తోందా అని చూస్తాను. కొన్నిసార్లు పెద్దపెద్దవాళ్ళ ముందు నిలబడి అడగాల్సి వస్తుంది. భయమేస్తుంది. అప్పుడు, ఆ అరుగు మెట్లు దిగుతూ నేను పట్టుకున్న టీచరమ్మ చెయ్యి చెమటతో తడిసి ముద్దయి ఉండటం గుర్తొస్తుంది. అడిగేస్తాను.