గేటు దగ్గర ఎర్ర బల్బు

ఫలక్‌నుమా రేకుల కార్ఖానాలో సుత్తి మోతకు రెండు చెవులూ అప్పజెప్పి వచ్చిన మొగులయ్య, బహదూర్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర మెటల్ డిటెక్టరు పట్టుకుని నిలబడేవాడు. దాని కూత అతనికి వినపడదు. పొయ్యి మీది పాలను చూసే ఇల్లాలిలా, పిడి మీద వెలిగే ఎర్ర బల్బునే రెప్పవేయకుండా చూస్తాడు. ఎదుటివాళ్ల మాటలు పెదవులు చూసి పోల్చుకుంటాడు. నచ్చని మాటయితే తల తిప్పేస్తాడు.

ఒక పెళ్లిరోజు కొత్త మేనేజరు వేణుమాధవ్ ఆ యంత్రం లాక్కుని, రెండో కాపలాదారు డానియేలు చేతిలో పెట్టాడు. "చెవిటివాడికి చెకింగేంటయ్యా? రేపట్నుంచి రానక్కర్లేదు." మొగులయ్య తల తిప్పాడు గాని, కాలు కదపలేదు. అంతలో పెళ్లికొడుకు ఊరేగింపు, బరాత్ వచ్చింది. ఆ మర్ఫా డప్పుల దెబ్బకు చార్మినార్ పావురాలు వెళ్లి ఊరవతల జల్‌పల్లిలో వాలాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. డానియేలు యంత్రాన్ని చెవికి ఆనించుకుని, "అన్నా, ఏం ఇనవడ్తలేదే!" అని మొత్తుకున్నాడు.

ఆ పెదవులు చూసి మొగులయ్య నవ్వాడు. "గిప్పుడు అందరం చెవిటోళ్లమే గదరా. ఇటియ్యి." యంత్రం అందుకుని, పెళ్లివారికంటే ముందు మేనేజరుకే అడ్డం నిలిచాడు. జేబు దగ్గర బల్బు ఎర్రగా వెలిగింది.

"సార్, తాళాలు బయటికి తియ్యుండ్రి. రేపు గూడ తియ్యాలె. గేటు కాడ నేనే ఉంట."

వేణుమాధవ్ నోరు తెరిచేలోపే అతను తల తిప్పేశాడు.