మరియమ్మత్త వైరు, మా అక్క ఇంటర్నెట్టు

అప్పుడు నాది ఆరో తరగతి... ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో, నట్టింట్లో కంప్యూటర్. దాని ముందు మా అక్క సుజాత. పక్కనే ఫోన్ వైరు తగిలించిన చిన్న మోడెం పెట్టె. దాని మీద ఒక పచ్చ లైటు నిలకడగా వెలిగితే ఇంటర్నెట్టు వచ్చినట్టు. అమ్మా, నాయనా, నేనూ దాన్నే చూసేవాళ్లం... వెలిగేది, ఆరేది, మళ్లీ వెలిగేది. నిలిచేది మాత్రం కాదు.

అక్క ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్ మీద వేయడం నేర్చుకుంది. బెంగళూరులో ఒక చీరల వ్యాపారి మెయిల్లో బొమ్మలు పంపేవాడు. అక్క వాటిని మగ్గానికి సరిపడేలా గ్రాఫు గళ్లలో వేసి తిరిగి పంపాలి. పంపాలంటే ప్రతిసారీ బస్సెక్కి ధర్మవరం నెట్ సెంటరుకు పోవాల్సిందే. బస్సు రాని రోజు ఆ పని ఇంకొకరికి వెళ్లిపోయేది. చివరికి ఆయన, ఇంట్లో నెట్ పెట్టించుకో, లేదంటే బెంగళూరొచ్చి మా దగ్గరే చెయ్ అని తేల్చేశాడు.

అక్కను అంత దూరం పంపడం నాయనకు ఇష్టం లేదు. ఇంట్లో ఫోన్ లైను ఎలాగూ ఉంది, దాని మీదే నెట్ వస్తుందన్నారు కదా అనుకున్నాడు...

టెలిఫోన్ లైన్‌మన్ ఓబులేసు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ వైరు అతుకులన్నీ చిలుం పట్టినాయన్నా. మాటలకైతే ఎట్లో సరిపోతాది. నెట్‌కు చాలదు."

"కొత్తది ఎయ్యప్పా," అన్నాడు నాయన.

"కేబుల్లో ఖాళీ తీగ యాడుండాదన్నా? కొత్త కేబుల్ ఎప్పుడొస్తాదో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు." గొంతు తగ్గించాడు. "ఈ వీధి స్తంభం మీది పెట్టెలో బాగుండేది మరియమ్మ వైరొకటే. ఆయమ్మది మీకు, మీది ఆయమ్మకు మారిస్తే పనైపోతాది. నంబర్లు మారవు. ఆయమ్మ ఫోన్లో రోంత గరగర వస్తాది, అంతే."

మరియమ్మత్తది మా పక్కిల్లు. శెనక్కాయ చేలల్లో కూలికి పోయేది. ఆమె కూతురు రూతు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, మొదటి జీతంతో అమ్మకు ఫోన్ పెట్టించింది. ప్రతి శుక్రవారం చేసేది. ఆ వేసవిలో ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి... ఇక్కడి నుంచి చేస్తే ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మా ఊరికి అప్పటికి సెల్ టవర్ కూడా రాలేదు.

ఆమెకు చెప్పకుండా వైరు ముట్టుకోవద్దని నాయన ఓబులేసుతో గట్టిగా అన్నాడు. అక్కను వెంటబెట్టుకుని తనే వెళ్లి అడిగాడు. అత్త అంతా విని అక్క చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ పరాయి దేశం పోయింది చాలు. నువ్వన్నా ఇంటికాడ ఉండల్ల పాపా. మార్చుకోండి..." అని, "నంబరు అదే ఉంటాది కదన్నా?" అని నాయనను మళ్లీ మళ్లీ అడిగింది.

వైరు మారిన రోజు మా పచ్చ లైటు కదలకుండా నిలబడింది. అమ్మ మోడెం పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టింది. అక్క ఇంట్లో కూర్చునే డిజైన్లు పంపడం మొదలుపెట్టింది. అంత ధీమాగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక మధ్యాహ్నం మరియమ్మత్త చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఫోన్ మోగినాది సుజాతా! 'అమ్మా' అన్నట్టే ఉండాది... ఆ పైన అంతా గరగర. నేను అరుస్తానే ఉండా. దానికి ఇనపల్లే. పెట్టేసింది..."

అక్క వెంటనే మోడెం స్విచ్ ఆపేసింది.

"నాయనా, ఓబులేసన్నను పిలుచుకొని రా."

"నీ పని ఏమైతాదో తెలుసునా?"

"తెలుసు. నువ్వు పో నాయనా."

పొద్దు గుంకేలోపు ఓబులేసు స్తంభమెక్కి ఎవరి వైరు వాళ్లకు కలిపేశాడు. ఆ రోజు నుంచి అత్త కూలికి పోలేదు. ఫోన్ పక్కనే కూర్చుంది. తోడుగా అక్క. అమ్మ ఇద్దరికీ సంగటి అక్కడికే పంపేది. శుక్రవారం వచ్చింది... ఫోన్ రాలేదు. అత్త ఆ రోజు ముద్ద ముట్టలేదు.

ఆ తరువాతి వారం, నేను బడి నుంచి వచ్చి అక్కడే ఉన్నాను. ఫోన్ మోగింది. అత్త చెయ్యి చాచేలోపే అక్క ఎత్తింది.

"రూతూ! నేను సుజాతని. మీయమ్మ ఈడే ఉండాది..."

అత్త మాటలే మాకు వినిపించాయి. "తిన్నావా? ... కొట్టినారా? ... ఇప్పుడు యాడుండావు తల్లీ?"

రూతు ఆ ఇంటి నుంచి తప్పించుకుని మన ఎంబసీ వాళ్ల దగ్గర ఉందట. సెల్‌ఫోన్ ఆ ఇంటివాళ్లు ఎప్పుడో లాక్కున్నారట. నోటికొచ్చిన నంబరు ఇదొక్కటేనట. మొదటిసారి గరగర తప్ప ఏమీ వినపడక, అమ్మ ఉందో లేదోనని ఏడ్చిందట...

కాగితాలు తేలి రూతు ఇల్లు చేరేసరికి చాన్నాళ్లు పట్టింది. చిక్కి సగమై వచ్చింది. చాలాకాలం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేమూ ఏమీ అడగలేదు.

రూతు ఫోన్లు వచ్చే ఆ వైరు మేం మళ్లీ అడగలేదు. ఇంట్లో నెట్ లేక, రూతు రాకముందే మా అక్క బెంగళూరు వెళ్లిపోయింది. ఆదివారాలు ఫోన్ చేసేది. మా చిలుము వైరులో తన మాటలు సగమే చేరేవి. "బాగుండావా?" అని నాయన అరిచేవాడు. "బాగుండా" అనేది అక్క... నవ్వుతూ అందో, ఏడుస్తూ అందో మాకు తెలిసేది కాదు.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. ఇంట్లో కూర్చునే డిజైన్లు పంపే ఆడపిల్లలు ఇద్దరున్నారు. వాళ్లను చూసినప్పుడల్లా, ఈ తీగ అప్పుడే వచ్చి ఉంటే మా అక్క ఊళ్లోనే ఉండేది కదా అనిపిస్తుంది...

మీ ఇళ్లలోనూ అలా ఫోన్ పక్కన కూర్చుని ఎదురుచూసినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు ఆ ఫోన్ వచ్చిందా?