చేరామని రాసిన కార్డులు

మొన్న పోస్టాఫీసు కౌంటరు దగ్గర నిలబడ్డాను. లోపల ఎవరో ఉత్తరాల మీద ముద్ర కొడుతున్నారు. దబ్, దబ్‌మని ఒకే వరసలో పడుతున్న ఆ చప్పుడుకి చేతుల మీద రోమాలు లేచాయి. ఇన్నేళ్ళయినా ఆ మధ్యాహ్నం నన్ను వదల్లేదు.

తొంభైల్లో రాజమండ్రిలో ఎస్తేరు గారనే డాక్టరమ్మ దగ్గర నర్సుగా చేరాను. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ గదిలో గోడకి దేశపటం ఉండేది. క్యాన్సరు డాక్టర్లున్న ఊళ్ళలో ఎర్ర గుండుసూదులు గుచ్చారు. మద్రాసు, బొంబాయిల దగ్గర సూది పక్కన సూది. హైదరాబాదులో కొన్ని, విశాఖలో ఒకటో రెండో. గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలిసేదాకా మా నేలంతా ఖాళీ.

"ఇంతమంది బతుకుతున్న చోటు, రత్నం, పటంలో చూస్తే మనుషుల్లేనట్టుంది," అన్నారు ఓసారి.

రొమ్ములో గడ్డతోనో, నోట్లో మానని పుండుతోనో వచ్చినవాళ్ళకి ఆవిడ మద్రాసు డాక్టరుకి చీటీ రాసిచ్చేవారు. దాంతోపాటు మా చిరునామా ఉన్న పోస్టుకార్డు ఒకటి. "చేరగానే రెండు ముక్కలు రాయండమ్మా. మీ కబురొచ్చేదాకా నాకు మనసు నిలవదు," అనేవారు. కార్డులు వచ్చేవి. 'క్షేమంగా చేరాం. డాక్టరు గారు చూశారు. నయమవుతుందన్నారు.' ఆవిడ రెండుసార్లు చదివి అట్టపెట్టెలో దాచుకునేవారు. ఆ రోజంతా ఆవిడ నడకే వేరుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం కొవ్వూరు అవతలి పల్లె నుంచి వీర్రాజు గారనే రైతు వచ్చారు. ఆయన భార్య సత్యవతి గారి కార్డు అంతకు ముందురోజే అందింది.

"మద్రాసు నుంచి ఎప్పుడొచ్చారండీ? ఆవిడెలా ఉన్నారు?" అన్నాను సంతోషంగా.

ఆయన అదోలా చూశారు. "మద్రాసేంటమ్మా? మా ఆవిడ పోయి పదిహేను రోజులైంది. ఈ చీటీ ఇంకెవరికైనా పనికొస్తదేమోనని తెచ్చాను."

"నిన్ననే కార్డొచ్చిందండీ..."

"అదాండీ. మంచాన ఉన్నప్పుడే మా అమ్మాయి చేత రాయించింది. దినాలయ్యాక డబ్బాలో వెయ్యమంది. భాష రాదు, అక్కడ తెలిసినోళ్ళు లేరు, ఎలా ఎల్తామండీ? ఎల్లలేదంటే డాక్టరమ్మ గారు బాధపడతారంది."

గుమ్మంలో నిలబడి ఎస్తేరు గారు అంతా విన్నారు. ఆయన వెళ్ళాక పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించారు. అన్నాళ్ళూ మేం మాటలు చదివామేగాని ఏ ఊళ్ళో డబ్బాలో వేశారో చెప్పే ముద్రలు చూడలేదు. ఒక్కొక్కటే తిప్పారు. కొవ్వూరు. పిఠాపురం. అమలాపురం. మళ్ళీ కొవ్వూరు. బయట ఎండ కాస్తోంది, రిక్షా గంటలు వినిపిస్తున్నాయి. నయమవుతుందని రాసినవాళ్ళంతా మా చుట్టూ చేరి, మిగతా కార్డులు తిప్పొద్దని బతిమాలుతున్నట్టనిపించింది. మద్రాసు ముద్ర ఉన్నవి రెండే రెండు.

ఆవిడ ఏడవలేదు. "తప్పు నాదే," అన్నారు. "రాయమన్నాను. ఎలా వెళ్తారని అడగలేదు."

ఆ వారమే గడ్డతో వచ్చిన ఒక పంతులమ్మని వెంటబెట్టుకుని ఆవిడే రైలెక్కారు. తరవాత వచ్చినవాళ్ళకి తోడుగా నన్ను పంపడం మొదలుపెట్టారు. పంతులమ్మ బతికి, మనవల్ని ఎత్తుకున్నారు. దక్కనివాళ్ళే ఎక్కువ. కాని వాళ్ళెవరూ మాకు అబద్ధం రాయాల్సిన అవసరం లేకపోయింది.

ఎస్తేరు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రాజమండ్రిలోనే క్యాన్సరు డాక్టర్లున్నారు. నేను పనిచేసే చిన్న పల్లెటూరి ఆసుపత్రికి గోదావరి లంకల నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం ఆ ఊరూ దూరమే. చీటీ చేతికిచ్చాక కబురు చెయ్యమని నేను అడగను. "మీతో ఎవరొస్తున్నారండీ?" అంటాను. వాళ్ళు తల దించుకుంటే, లేచి చెప్పులు వేసుకుంటాను.