ఇటు చూడొద్దు

కళ్ళద్దాల షాపులో పగలంతా జనాన్ని "ఇటు చూడండి, ఇటు చూడండి" అని బతిమాలే ఆయన, ఇంటికొచ్చి కెమెరా మెడలో వేసుకున్నాడంటే మాత్రం "ఇటు చూడొద్దు" అని గుడ్లురిమేవాడు. బావమరిది ఆయనకు పెట్టిన పేరు క్లిక్కు బావ. కెమెరాకేసి చూసి నవ్వితే ఆ ఫోటో ఆయన లెక్కలో చచ్చినట్టే. మనిషి తనకు తెలియకుండా దొరకాలి.

దాంతో ఇల్లు ఇల్లంతా చూడకుండా ఉండటంలో ఆరితేరిపోయింది. ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, బావమరిది కిటికీలోంచి లేని పిట్టను చూసేవాడు. అత్తగారు ఖాళీ కప్పులో కాఫీ తాగేవారు. కూతురు పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదివేది. భార్య సంగతి మరీ అన్యాయం. ఆయన ఊపిరి బిగపట్టిన చప్పుడుకే మొహం మీది జుట్టు సవరించుకుని ఏదో ఆలోచనలో పడిపోయేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అసలు ముఖం ఒక్కటంటే ఒక్కసారి చిక్కలేదు. ఆ ఒక్క ఫోటో కోసమే ఆయన అందరినీ ఊళ్ళు తిప్పేవాడు. కొత్త చోటైతే ఏమరుపాటుగా ఉంటుందని ఆశ.

ఆసారి సరస్సు మధ్యలో ఉన్న లంకకు వెళ్ళారు. సాయంత్రం ఆఖరి లాంచీ ఎక్కాక, అందరినీ ఒక్క ఫ్రేములో పట్టాలని ఆయన మళ్ళీ దిగి ఒడ్డున వెనక్కి వెనక్కి నడిచాడు. లాంచీ కదిలిపోయింది. ఆయన ముందు ఫోటోలు తీసుకుని, ఆ తర్వాత కేకలు పెట్టాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి.

ఒక్కరు తిరిగితే ఒట్టు. ఆయన అరిచినకొద్దీ బావమరిది తల వెనక్కి వాల్చి నవ్వాడు, అత్తగారు నీళ్ళలో చెయ్యి ముంచారు, కూతురు మబ్బుల్ని చూపించింది. లాంచీ నడిపే అతను వెనక్కి చూడబోతే, ఆయనకు కోపమొస్తుందని చెప్పి అత్తగారే అతని తల పట్టుకుని ముందుకు తిప్పారు.

గొంతు పోయి ఆయన ఊరుకున్నాడు. కెమెరా కూడా ఊరుకుంది.

అప్పుడు తిరిగింది భార్య. ఎంతసేపటికీ క్లిక్కుమనలేదు కదా. లాంచీలో లేచి నిలబడి, జుట్టు మొహాన పడుతున్నా తోసుకోకుండా, నోరు తెరుచుకుని ఒడ్డంతా వెతికింది. ఆయన కోసమే. తను కనపడకపోతే ఆమె ముఖం అలా అయిపోతుందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు, తెలిసే దారీ లేదు. ఏడ్చేస్తూ రెండు చేతులూ ఎత్తి ఊపాడు. కెమెరా మెడలో ఊరికే వేలాడింది.

లాంచీ వెనక్కి తిప్పించి, దిగుతూనే అడిగిందామె.

"తీశారా?"

"లేదే. చేతులు ఖాళీ లేవు."

ఆమె లాంచీని మళ్ళీ కాస్త దూరం పోనిమ్మంది. రెండోసారి అచ్చం అలాగే లేచింది, అలాగే వెతికింది. ఆయన కెమెరా ఎత్తి, చూసి, దించేశాడు.

ఇప్పుడు ఆల్బంలో ఆ ఫోటో కోసం వదిలిన పేజీ ఖాళీగా ఉంది. ఎవరొచ్చినా ఆయన మొదట అదే తీసి చూపిస్తాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, ఆయన భార్య వంక చూసి, ప్రతిసారీ ఒకే మాట అంటారు.

"ఇందులోనే బాగా వచ్చావే అమ్మాయ్."