నలభై ఒక్క కండువాలు

ఏ పార్టీయో చెప్పను. రంగు కూడా చెప్పను. చెబితే సగం మంది నన్ను మెచ్చుకుంటారు, సగం మంది తిడతారు. ఆ రెండూ నాకు అక్కర్లేదు. సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఏళ్ల తరబడి ఆ రంగు కండువాలు కుట్టాను, అంత వరకు చెబితే చాలు. మా ఆయన సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు, నేను మిషన్ మీద అంచులు కుడతాను. ఎలక్షన్లు వచ్చాయంటే అన్ని పార్టీల కండువాలూ మా సందులోనే తయారవుతాయి. నేను మాత్రం వేరే రంగు ముట్టుకునేదాన్ని కాదు. ఆ పార్టీ అంటే అంత పిచ్చి. ఆ పిచ్చి నాకు అంటించింది మా అక్క.

అక్కను కోరుట్లలో ఇచ్చారు. బావ పోయాక బీడీలు చుట్టి ఒక్కతే బిడ్డను సాకింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మోకాలి పక్కన ఓటర్ల లిస్టు. చేతులు బీడీ చుడుతూనే ఉంటాయి, నోరు వాడలో ఎవరి ఓటు ఎటు పడుతుందో చెబుతూనే ఉంటుంది. మా నాయకుణ్ణి ఎమ్మెల్యేగా గెలిపించడానికి గడప గడపా తిరిగింది. "ఆడపిల్లల సదువుకు నాది పూచీ" అని ఆయన సభలో ఒక్కసారే అన్నాడు. ఆ మాటను ఇంటింటికీ మోసింది మా అక్కే.

ఆ ఎండాకాలం సర్కారు ఓ ఉత్తర్వు తెచ్చింది. పిల్లలు తక్కువ ఉన్న బళ్లను దూరపు బళ్లలో కలిపేస్తారట. టీవీలో రచ్చ, ఎదుటి పార్టీ వాళ్ల ధర్నాలు. అలా కలిపేసే బళ్ల జాబితాలో మా అక్క వాడ పక్కనున్న ఆడపిల్లల హైస్కూలు కూడా ఉంది. అందులో నలభై ఒక్కమంది. సగం మంది తెలుగు వాళ్లు, సగం మంది ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, దాదాపు అందరి తల్లులూ బీడీలు చుట్టేవాళ్లే. కొత్త బడికి వెళ్లాలంటే పెద్దరోడ్డు దాటి బస్సెక్కాలి. ఎదిగిన పిల్లను రోజూ బస్సులో ఎవరు పంపుతారు? పంపరు. ఆ సంగతి ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు తప్ప అందరికీ తెలుసు.

ఆ వారమే నేను కోరుట్ల వెళ్లాను. అక్క ఇంట్లో మేకుకు కొత్త చాట ఒకటి వేలాడుతోంది, చిన్నది. రాయికల్ అంగడిలో కొన్నదట.

"ఎవలికే ఇది?" అన్నాను.

"ఎవలికేంది? దానికే. బడి పోతే ఇంట్ల కూసోని ఏం జేస్తది?"

మా అక్క బిడ్డ అక్కడే గోడకు ఆనుకుని లెక్కలు చేసుకుంటోంది. తొమ్మిది పాసై పదిలోకి రావలసిన పిల్ల. విన్నది. తల ఎత్తలేదు, ఏడవలేదు, పేజీ తిప్పి తర్వాతి లెక్క మొదలుపెట్టింది.  తను ఏడ్చి ఉంటే నయమనిపించింది.

సర్కారు మాదే, ఎమ్మెల్యే మావాడే, ఎమ్మెల్సీ మావాడే. అయినా ఇద్దరూ బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు. ఎదుటి పార్టీ వాళ్లు అరిస్తే అరవనీ, వాళ్ల పని అది. మావాళ్లకు ఏం రోగం? పార్టీ వాట్సాప్ గ్రూపులో అక్క ఒకే ఒక్క ముక్క అడిగింది: "బడి సంగతి ఏమైందన్నా?" దాని కింద పాతిక మంది అదే అడిగారు. సాయంత్రానికి ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం పడింది. అప్పటినుంచి అందులో గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఏమీ రాలేదు.

పోనీ, ముఖాముఖి అడుగుదామని అక్కతో సహా పన్నెండు మంది తల్లులు ఎమ్మెల్యే క్యాంపాఫీసుకు వెళ్లారు. కుర్చీలు వేశారు, చాయ్ ఇచ్చారు. ఆయన వచ్చాడు, చేతులు జోడించాడు, అంతా విన్నాడు, తలూపాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఫోటో దిగుదాం రండమ్మా అన్నాడు పీఏ. పెద్దమనిషి పిలిచాడు కదా అని నిలబడ్డారు, పిచ్చి మాలోకాలు. చీకటి పడకముందే ఆ ఫోటో ఫోన్లలోకి వచ్చేసింది. దాని కింద రాత: "బడుల విలీనంపై హర్షం వ్యక్తం చేసి, నాయకుడికి కృతజ్ఞతలు తెలిపిన మహిళలు."

అక్క ఫోన్ చేసింది. 

"చెల్లే, వాడంతా నన్ను అమ్ముడువోయినవా అని అడుగుతుండ్రే. ఎవలి ముంగట మొఖం ఎత్తలేకపోతున్న. నేను హర్షం చేసిన్నట! నా బిడ్డ బడి పీకేస్తే నేను హర్షం చేస్తనానే?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదుటి పార్టీ వాళ్లు అప్పుడే అక్క దగ్గరికి వచ్చారట, కెమెరా ముందు తిట్టు, మేం చూసుకుంటాం అని. అక్క వాళ్లను గడప ఎక్కనివ్వలేదు. "మా ఇంటి లొల్లి మేమే తెంపుకుంటం" అని పంపేసింది.

సరిగ్గా అప్పుడే నాకు ఆర్డరు వచ్చింది. జగిత్యాలలో ఫంక్షన్ హాలు, ఎమ్మెల్యేకూ ఎమ్మెల్సీకీ ఘనసన్మానం, కండువాలు కావాలి. కట్ట విప్పి బట్ట కత్తిరిస్తూ ఉన్నాను. కండువా అంటే ఏమిటి? మెడలో వేసి, నువ్వు మావాడివి అని చెప్పే గుడ్డ. సన్మానంలో మెడలో పడే దాన్ని ఏ నాయకుడూ వద్దనడు. అక్కడే కత్తెర ఆగింది.

అక్కకు ఫోన్ చేసి నలభై ఒక్కమంది పేర్లు, తరగతులు పంపమన్నాను. పార్టీ ఆర్డరు పార్టీకి కుట్టి ఇచ్చాను, అందులో మోసం లేదు. మిగతా నలభై ఒకటీ నా బట్ట, నా దారం. ఒక్కో కండువా మీద పార్టీ గుర్తు ఉండే చోట ఒక్కో పిల్ల పేరు, కింద తరగతి.

మా ఆయన వచ్చి చూశాడు.

"ఇగ నీకు జన్మల ఆర్డర్లు రావు, తెలుసా?"

"తెలుసు."

 పక్కనే కూర్చుని నా బాబిన్‌లకు తెల్లదారం చుట్టడం మొదలుపెట్టాడు. రెండు పగళ్లు అలా చుట్టి ఇస్తూనే ఉన్నాడు.

జగిత్యాల హాలు కిక్కిరిసిపోయింది. మేం నలభై మందికి పైగా ఆడవాళ్లం, పార్టీ పాత కండువాలు మెడలో వేసుకుని, చేతిలో మడతపెట్టిన కొత్తవి పట్టుకుని వెళ్లాం. మమ్మల్ని ఎవరు ఆపుతారు? మేమూ పార్టీ వాళ్లమే కదా. పైగా మైకులో మాట్లాడే ఆయన మమ్మల్ని చూసి పొంగిపోయాడు. "చూడండి, కోరుట్ల అక్కాచెల్లెళ్లు అన్నలను సన్మానించడానికి తరలివచ్చిండ్రు! చప్పట్లు!" అని తనే పిలిచాడు. హాలంతా చప్పట్లు. నవ్వాపుకోలేక నాలుక కొరుక్కున్నాను.

ముందు అక్క ఎక్కింది. ఎమ్మెల్యే మెడలో కండువా వేసింది. నాయకుల అలవాటు మీకు తెలిసిందే: మెడలో పడిన గుడ్డ పడినట్టే తీసి వెనకున్న గన్‌మన్ చేతిలో పెడతారు. ఆయన చెయ్యి అలాగే పైకి లేచింది. అక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకన్నా. దాని మీద పేరున్నది, సదువు."

ఆయన కిందికి చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. మైకు ముందే ఉంది, ఆన్‌లో ఉంది, ఫోన్లన్నీ లైవ్ పట్టుకుని ఉన్నాయి. పీఏ ముందుకొస్తే మా ఆడవాళ్లు దారివ్వలేదు.

"నా బిడ్డ పేరన్నా. పదో తరగతికి పోవాలె. ఓట్లకు నీ మాట నేను మోసిన. గిప్పుడు నా బిడ్డ పేరు నువ్వొక్కసారి నోరు తెరిచి సదువు."

 ఆయన చదివాడు. మెల్లగా, గొంతు సవరించుకుని, మా అక్క బిడ్డ పేరు చదివాడు. రెండో తల్లి వెంటనే ఎక్కింది, ఎమ్మెల్సీ మెడలో వేసింది. మూడో ఆమె అక్క పక్కింటావిడ, వాడంతా ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది; బురఖా సర్దుకుని మైకు దగ్గరికే వంగింది. "సార్, మా పిల్లది కూడా సదువుండ్రి. జర జోర్‌సే, గట్టిగ." హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో మా భయం తీరిపోయింది. ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరి మెడలూ చెవుల దాకా నిండిపోయాయి. పదిహేనో పేరు దగ్గర వెనక కుర్చీల్లోని కార్యకర్తలు, మాతో ఏ సంబంధం లేని మగవాళ్లు, ధర్మపురి నుంచి వచ్చిన వాళ్లు కూడా, పేరు పేరుకూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అప్పుడర్థమైంది నాకు: ఈ మౌనం వాళ్లకూ గొంతులో అడ్డుపడి ఉంది. అందరూ ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నారు.

నలభై ఒకటో పేరు అయ్యాక ఎమ్మెల్యే మెడ నిండా పడ్డ కండువాల వైపు చూసుకున్నాడు. తర్వాత మైకు తనే దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పైంది తల్లీ. నేను అడగాలె, అడగలే. గీ బడి ఏడికి పోదు. పోతే నేను మల్ల మీ వాడకు రాను."

ఎమ్మెల్సీ కూడా అదే మాట అన్నాడు, అనక తప్పుతుందా! అంతా లైవ్‌లోనే. ఆ హాలు అరిచిన అరుపుకు నా చెవులు చిల్లులు పడ్డాయి. నేను కుర్చీ ఎక్కి మరీ అరిచాను, నా వయసుకు తగని ఈలలు వేశాను. అక్క మాత్రం వేదిక మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నలుగురం కలిసి లేపాల్సి వచ్చింది.

సెలవులు అయిపోకముందే జాబితాలోంచి ఆ బడి పేరు తీసేశారు. మావల్ల కాదని, కోర్టులో ఏదో ఉందని, పైవాళ్లే మనసు మార్చుకున్నారని ఎన్నో అన్నారు. మావల్లే. నేనైతే చచ్చేదాకా ఇదే అంటాను. మా ఆయన అన్నట్టు పార్టీ ఆర్డర్లు నాకు నిజంగానే ఆగిపోయాయి. ఇప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను, మొదటి నలభై ఒక్క జతలూ ఆ బడివే.

బడి తెరిచిన రోజు నేను కోరుట్లలోనే ఉన్నాను. పిల్ల రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని, చెప్పులు వేసుకుంటూ, "చిన్నమ్మా, పోయొస్త" అని పరుగున వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మేకు వైపు చూశాను, ఖాళీగా ఉంది. చాట ఏదే అని అక్కను అడిగాను. పొయ్యి దగ్గర అందులోనే బియ్యం చెరుగుతోంది. ఆ చాటలో ఇప్పటిదాకా ఒక్క తునికాకు పడలేదు.