గ్యాస్ మాస్టారి ఐదు రోజులు

మొన్న గురువారం ఉదయం కాటా దగ్గర లారీ తూకం చీటీ రాస్తుంటే బస్తాలు మోసే ముఠా మేస్త్రి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మామూలుగా దూరం నుంచే కేకేసే మనిషి.

"గుమస్తా గారూ, మన గ్యాస్ మాస్టారు పోయారండి. నిన్న సాయంత్రం, పెదపాడులో. గుండెపోటంట."

"సమాధి ఎప్పుడంట?"

"మూడింటికండి. ఈ లారీలు ఎక్కించేసి నేనూ వస్తాను."

లారీ నెంబరు సగంలో ఆగిపోయింది. మిగతా అంకెలు రాసి చీటీ డ్రైవరుకిచ్చాను.

ఆయన బడిపంతులు కారు. తాడేపల్లిగూడెం పక్కన మా గోదాములో నూనె తీసిన తవుడు నిల్వ ఉంటుంది. పశువుల దాణాకి, చేపల మేతకి వాడతారు. కొంత ఇక్కడి చెరువులకి పోతుంది, కొంత ఓడెక్కి బయటి దేశాలకి పోతుంది. బయటికి పోయే సరుకులో ఒక్క పురుగు బతికున్నా అవతలి రేవులో దించనివ్వరు. అందుకని బస్తాల దొంతర మొత్తానికి గాలి చొరబడని ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇసుక నింపిన పొడుగు సంచులు పేర్చి, లోపల మందు బిళ్ళలు పెడతారు. గాలిలో తేమ తగిలి బిళ్ళలు గ్యాసు వదులుతాయి. ఐదు నిండు రోజులు దాన్ని కదపకూడదు. ఆ తర్వాత పట్టా తీసి, పురుగు చచ్చిందని చూసి, మాస్టారు సంతకం పెడితేనే సరుకు ఓడ ఎక్కుతుంది. మా చుట్టుపక్కల మిల్లులన్నిటికీ ఆ పనీ, ఆ సంతకమూ ఆయనవే.

ఆ గ్యాసు మనిషికీ విషమే, దానికి వెల్లుల్లి వాసన ఉంటుంది. అందుకని పట్టా కప్పి ఉన్నన్నాళ్ళూ మాస్టారు గోదాములోకి వెల్లుల్లి రానిచ్చేవారు కాదు. తనూ తినేవారు కాదు. మధ్యాహ్నం ముఠావాళ్ళు క్యారేజీలు విప్పే వేళకి వచ్చి ఒక్కొక్క మూతా తీయించి వాసన చూసేవారు.

"ఏవండీ మాస్టారూ, ఆవకాయలో వెల్లుల్లి ఏరి పారేసి తినమంటారా?" అని మేస్త్రి వేళాకోళమాడేవాడు.

"పారెయ్యకు, దాచుకో. ఆదివారం తిందువుగాని."

"ఆదివారం దాకా మా ఆవిడ ఉంచదండి."

"పోనీలే, ఇంట్లో ఒకరైనా బాగుంటారు."

అందరూ నవ్వేవారు. క్యారేజీ మాత్రం బయట రేకుల షెడ్డులోకి పోయేది. ఎందుకింత పట్టింపని ఒకసారి అడిగాను. "వాసన వచ్చిందంటే అప్పటికే మనం ఆలస్యమైనట్టండి. ఇంక అది గ్యాసా, ఎవరి పచ్చడా అని ఆలోచిస్తూ కూచుంటే ఎలాగ?" అన్నారు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు రాయడం చూసి నేర్చుకున్నాను గానీ ఇంగ్లీషు రాలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. ఓ రోజు ఖాళీ అయిన మందు డబ్బా ఒకటి, శుభ్రంగా కడిగింది, తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "దీని మీదున్న ఇంగ్లీషు రోజుకో లైను చదువుదామండి, నాకూ తోచడం లేదు" అన్నారు. ఆయనకి తోచకపోవడమేమీ లేదని ఇద్దరికీ తెలుసు. వేలు పెట్టి చూపించేవారు. తప్పు చదివితే మళ్ళీ మొదటికి వచ్చేవారు, ఒక్కసారీ నవ్వలేదు. డబ్బా చుట్టూ తిరిగి రావడానికి ఎండాకాలం పట్టింది. నేను పూర్తిగా చదివిన ఇంగ్లీషు పుస్తకం ఇప్పటికీ అదొక్కటే. ఓడ కాగితాలు ఇవాళ నేను చదవగలుగుతున్నానంటే దాని వల్లే.

ఇంతవరకూ చెప్పడం తేలిక. ఇక్కడి నుంచి కష్టం.

నాలుగేళ్ళ కిందట వానల్లో ముఠా సమయానికి రాలేదు. సోమవారం కప్పాల్సిన పట్టా మంగళవారం సాయంత్రం కప్పారు. శనివారం సాయంత్రం లారీలు కదిలితేనే ఓడ అందుతుంది. మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, "సోమవారం కప్పినట్టు రాసేయండి గుమస్తా గారూ. ఒక్క రోజుకి ఏమవుతుందండి?" అన్నారు. గోదాము రిజిస్టరు నా చేతిలోది. రాశాను.

శనివారం లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మాస్టారు వచ్చి, "రేపు సాయంత్రం తీద్దామండి" అన్నారు. మేనేజరు రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"ఐదు రోజులూ అయిపోయాయి కదండీ. మీరే చూడండి."

ఆయన చాలాసేపు చూశారు. నా అంకెలు ఆయనకి కొత్త కాదు. నా వంక మాత్రం చూడలేదు.

"పుస్తకానికి అయ్యాయండి. పురుగుకి అవ్వలేదు."

సంతకం పెట్టలేదు. లారీలు అక్కడే ఉండిపోయాయి, ఓడ వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులకి ఓనరు వచ్చి అందరి ముందూ నన్ను ఒక్కటే అడిగారు: "పట్టా ఏ రోజు కప్పారయ్యా?"

"పుస్తకంలో సోమవారం ఉందండి" అన్నాను.

అది అబద్ధం కాదు. కాదు కాబట్టే అనగలిగాను. ముఠావాళ్ళందరికీ నిజం తెలుసు, వాళ్ళని ఎవరూ అడగలేదు. మాస్టారూ అక్కడే ఉన్నారు. మాస్కు మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. "పెద్దాయనకి రోజులు గుర్తుండటం లేదు" అన్న మాట ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకి పోయింది. గ్యాసు పని చేసే మనిషికి మతిమరుపని పేరొస్తే ఇంక ఎవరు పిలుస్తారు? గూడెంలో పిలవలేదు, ఏలూరులో పిలవలేదు. పెదపాడులో చెల్లెలింట్లో ఉంటూ ఎవరి చెరువులకో కాపలా కుదిరారని విన్నాను. నేను వెళ్ళలేదు.

నిరుడు ఏలూరు బస్టాండులో కనిపించారు. బల్ల మీద కాస్త జరిగి నాకు చోటిచ్చారు.

"మీరొస్తారని చూశానండి, గుమస్తా గారూ. రెండు మూడు నెలలు చూశాను."

"పనులుండి..." అన్నాను.

"అవునవును, పనులుంటాయి."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు సులువయ్యేది. "ఇప్పుడు పట్టా ఎవరు వేస్తున్నారండి?" అని అడిగారు.

"కొత్తవాళ్ళెవరోనండి."

"ఎన్ని రోజులుంచుతున్నారు?"

"ఐదండి."

"చలికాలం ఏడు ఉంచమనండి. చలికి గ్యాసు మెల్లగా వస్తుంది." ఇంతలో పెదపాడు బస్సు వచ్చింది. కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కారు. చెప్పవలసిన మాట నా నోట్లోనే ఉంది. బస్సు తలుపు పడింది.

గురువారం మూడింటికి చర్చి సగమే నిండింది. మిల్లుల నుంచి ఎవరూ రాలేదు. మేస్త్రి ఒక్కడూ తవుడు దుమ్ముతోనే వచ్చి వెనక గోడనానుకుని నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక పాస్టర్ గారు, "పనిలో ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే రెండు మాటలు చెప్పండి" అన్నారు. నలుగురిలో లేచి మాట్లాడటం నా జన్మలో లేదు. లేచాను.

"ఆ రోజు పట్టా కప్పింది మంగళవారమండి. మాస్టారు చెప్పిందే నిజం. సోమవారమని రాసింది నేను."

ఇంకా ఏదో చెబుతానని అందరూ చూశారు. నేను కూర్చున్నాను. ముందు వరసలో ఒక ముసలావిడ పక్కావిడని అడిగింది, "ఏం మంగళవారమంటమ్మా?"

"ఏమోనండి, పనిలో సంగతేదోనంట."

పాస్టర్ గారు పాట ఎత్తుకున్నారు. వెనక మేస్త్రి తల వంచుకున్నాడు. అక్కడున్న వాళ్ళలో ఆ మాట అర్థమైంది అతనొక్కడికే.

సమాధుల దొడ్డి చేపల చెరువుని ఆనుకుని ఉంది. మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక నేను గట్టు మీద ఉండిపోయాను. చెరువులో ఒకతను చిన్న పడవ మీద, చిల్లులు పొడిచిన తవుడు బస్తాలని నీళ్ళలో పాతిన వెదురు గడలకి ఒక్కొక్కటే కట్టుకుంటూ పోతున్నాడు. కట్టిన బస్తా సగం మునిగి నిలిచేది. కాసేపటికి దాని చుట్టూ నీళ్ళు సన్నగా కదిలేవి, చేపలు వచ్చినట్టున్నాయి. అతను వెనక్కి తిరిగి చూడలేదు. పడవ చివరి గడ వైపు చిన్నదైపోతూ వెళ్ళింది.