చేటతో నేర్చిన విమానం

లిఫ్ట్ అనే మాటకు నాలుగు దెబ్బలు పడ్డాయి. డ్రాగ్‌కు రెండు. థ్రస్ట్ నోరు తిరగక ఎన్ని తిన్నానో గుర్తు లేదు. ఇప్పుడు ఎవరైనా ఆ మాటలను తాపీగా పలుకుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేర్పింది మా చిన్నాయన, నాన్న తమ్ముడు. యుద్ధం రోజుల్లో మద్రాసు వైపు ఒక ఏరోడ్రోములో విమానాలు తుడిచి, నట్లు బిగించే పని చేశాడు. ఇంగ్లీషు చదవడం రాదు కానీ విమానంలో ప్రతి భాగం పేరూ నోటికి వచ్చు. అక్కడి తెల్ల సార్జెంటు ఒక్కో పేరునూ బూటుకాలితో తన్ని నేర్పాడట. తన్ను పడకుండా మాట బుర్రకెక్కదని చిన్నాయన నమ్మకం. యుద్ధం ముగిశాక బోగోలు దగ్గర మా ఊరికి వచ్చి, వరి పండించుకుంటూ ఉండిపోయాడు.

ఆయన ఊరికి వచ్చిన పదిహేనేళ్లకు, నాకు పంతొమ్మిదో ఏట, మద్రాసులో విమానం నడపడం నేర్పేందుకు మనుషుల్ని ఎంపిక చేస్తున్నారని పేపర్లో పడింది. ముందు నోటిపరీక్ష, విమానం మాటలన్నీ అడుగుతారు. అది గట్టెక్కితే డాక్టరు పరీక్ష. మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఉన్నది ఒక్కటే అవకాశం. పైలట్ కాకపోతే నాకు బతుకే లేదనుకునేవాణ్ని. ఆ వయసులో అలాగే అనుకుంటారు.

రోజూ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచే వేళకు అమ్మ చేట తీసుకుని ఇద్దరం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. చేటను రెండు చేతులా గాలికి ఎదురుగా పట్టుకోవాలి. ముందంచు కొంచెం పైకి వంచితే చేతుల్ని లేపేస్తుంది, అది లిఫ్ట్. మనిషిని వెనక్కి నెడుతుంది, అది డ్రాగ్. దానికి ఎదురు నేను పరుగెత్తడం థ్రస్ట్. ముక్కు పైకీ కిందికీ ఆడితే పిచ్, ఒక రెక్క వాలితే రోల్, ముక్కు పక్కకు తిరిగితే యా. అంచు మరీ పైకెత్తామో, చేట గడగడా వణికి, లేపడం మానేసి మీద పడుతుంది. అదే స్టాల్. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు.

"ఏందన్నా, పిల్లోడు చేటెక్కి యాడికి పోతాడు?"

చిన్నాయన వాళ్ల మీదికి ఇసుక తన్నేవాడు. తర్వాత ఆ కోపమంతా నా వీపు మీద తీరేది. ముంజేతులు వాచిపోయేవి. పెదవి రెండుసార్లు చిట్లింది. నేనూ తక్కువవాణ్ని కాదు, ఒకసారి చేట అంచుతో ఆయన మోకాలి మీద కొట్టి ఊళ్లోకి పరుగెత్తాను. మర్నాడు నా అంతట నేనే తిరిగి వెళ్లాను. మాటలు కావాలి మరి.

పరీక్షకు నెల రోజులుందనగా చిన్నాయన అడిగాడు.

"స్టాల్ అయినావు. కింద పడతా ఉండావు. ఏం జేస్తావు?"

"ముక్కు పైకి లాగుతా."

"మళ్లీ చెప్పు."

"పడిపోతావుంటే పైకే కదా లాగాల!"

ఆయన అరచెయ్యి నా ఎడమ చెవి మీద పడింది. ఇసుకలో కూలబడ్డాను. సముద్రం మోత ఒక పక్క ఆగిపోయింది. చిన్నాయన నా జుట్టు పట్టుకుని లేపి, ముఖంలో ముఖం పెట్టి అరిచాడు.

"కిందికి దించాల్రా! ముక్కు కిందికి దించితేనే గాలి దొరికేది! పైకి లాగినోణ్ని గోనెపట్టాలో మోసినాన్రా నేను! ముక్కలు ఏరి మోసినా!"

ఏడుస్తున్నాడు. నన్ను కొడుతూ ఏడ్చాడు. ఏరోడ్రోములో కూలిన విమానం సంగతి ఆయన ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. అప్పటికైనా ఆయన భయం నాకు అర్థం కావలసింది. కానీ చెవిలోంచి నెత్తురు కారుతుంటే ఎవడికి అర్థమవుతుంది?

సముద్రంలో మునిగితే చెవిలోకి నీళ్లు పోయాయని అమ్మకు చెప్పాను. నిజం చెబితే పాఠాలు ఆగిపోతాయని. పాపం, అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె రోజూ పోసింది. మా వైపు చెవికి అదే వైద్యం. చీము పట్టింది, కొన్నాళ్లకు ఆరింది. నొప్పి పోయింది కదా, నయమైందనుకున్నాను.

మద్రాసులో నోటిపరీక్షలో ఒక్క మాట తప్పలేదు. స్టాల్ గురించి అడిగినప్పుడైతే వాళ్లు ప్రశ్న ముగించకముందే జవాబు చెప్పాను. మధ్యాహ్నం డాక్టరు నా వెనక నిలబడి, చెవుల్లో మాటలు గుసగుసగా చెబుతానని, వాటిని తిరిగి చెప్పమని అన్నాడు. దయగల మనిషి, నాకు అలవాటైన మాటలే ఎంచుకున్నాడు. నా ఎడమ చెవి మూశాడు. లిఫ్ట్, డ్రాగ్, థ్రస్ట్. మూడూ చెప్పాను. కుడి చెవి మూశాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"మొదలుపెట్టండి సార్" అన్నాను.

ఆయన ముందుకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మూడు మాటలూ చెప్పేశాను బాబూ."

చిన్నాయన గేటు బయట పెరుగన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా ముఖం చూసి లేచాడు.

"ఏ మాట తప్పినావురా?"

"ఏ మాటా తప్పలా. ఎడం చెవి వినపడదంట."

ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అది చూసి నాకు వెర్రి కోపం వచ్చింది. క్యారియరు లాక్కుని ఆయన ముఖం మీద కొట్టాను. అన్నం, పెరుగు, నెత్తురు ఆయన చొక్కా మీదికి కారాయి. మళ్లీ కొట్టాను. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రోడ్డు మీదివాళ్లు వచ్చి నన్ను విడదీసేదాకా కొట్టాను.

రైల్లో నేను కిటికీ దగ్గర కూర్చుని కుడి చెవి బయటికి పెట్టాను. పక్క బెంచీ అంతా ఖాళీ. అయినా చిన్నాయన వచ్చి నా ఎడమ పక్కనే కూర్చున్నాడు. ఆ పక్క వినపడదని ఆయనకు తెలుసు. గూడూరు దాటేదాకా, వాచిన పెదవులతో, నా చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను తల తిప్పలేదు.